ఔటైతే బ్యాట్ పట్టుకుని ఇంటికొచ్చేస్తాడు, ఇప్పుడు మావాణ్ని ఎవరూ ఆటకు పిలవట్లేదు

పటమట_అమ్మాయి
శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మేముండేది విజయవాడ పటమటలో, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. బాబుకి ఏడో ఏడు నడుస్తోంది, రెండో తరగతి. సాయంత్రం ఐదున్నర అయిందంటే పిల్లలంతా సెల్లార్‌లో కార్ల మధ్య క్రికెట్ మొదలుపెడతారు. వాచ్‌మన్ కుర్చీ వికెట్. బ్యాట్ మావాడిది. ఔటైతే ఒప్పుకోడు. ‘ట్రయల్ బాల్’ అంటాడు, ‘నేను రెడీ అనలేదు’ అంటాడు, అందరూ ఒక్కటై అరిస్తే బ్యాట్ చంకలో పెట్టుకుని లిఫ్టెక్కి పైకొచ్చేస్తాడు. ఆట అక్కడితో బంద్. మొదట్లో మేమూ నవ్వుకున్నాం.

రెండు నెలల కింద ఆ పిల్లలు తలా కాస్త వేసుకుని వేరే బ్యాట్ కొనుక్కున్నారు. అంతే, ఇక మావాణ్ని పిలవడం మానేశారు. నిన్న సాయంత్రం బాల్కనీ గ్రిల్ పట్టుకుని కిందికి చూస్తూ నిలబడ్డాడు. వెళ్లు నాన్నా అంటే, ‘నన్ను ఉడుకుమోతు అంటున్నారమ్మా’ అన్నాడు. నాకు గొంతు పట్టేసింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. పోయిన ఆదివారం ముగ్గురం వైకుంఠపాళి ఆడుతున్నాం. పెద్ద పాము నోట్లో పడ్డాడు, పందెం పాచిక విసిరికొట్టాడు. అది ఫ్రిజ్ కిందికి పోయింది. ‘అలా విసురుతారా?’ అని నేను కేకలేస్తే, ‘మ్యాచ్ రోజు నాన్న రిమోట్ విసిరాడుగా’ అన్నాడు. మా ఆయన పక్కనే ఉన్నారు. ఇద్దరికీ నోట మాట లేదు.

వీడికి నలుగురితో కలవడం ఎలా నేర్పాలి? అసలు తప్పు వాడి దగ్గరుందా, మా దగ్గరుందా?

ఆటోనగర్_మెకానిక్
శనివారం, రాత్రి 11:05

బ్యాట్‌తో పైకొచ్చిన రోజే తలుపు తీయకుండా ఉంటే సరిపోయేది మేడం. మొక్కై వంగనిది మానై వంగుతుందా? ఒకటి తగిలించండి, దారిలోకొస్తాడు. మా నాన్న షెడ్‌లో చేతికి ఏది దొరికితే దానితో వేసేవాడు. మేం బాగుపడలేదా?

కానూరు_కుర్రాడు
శనివారం, రాత్రి 11:12

వైకుంఠపాళిలో పెద్ద పాము మింగితే నాకిప్పటికీ ఏడుపొస్తుంది అక్కా. వాడికి నా సానుభూతి.

బ్రాడీపేట_టీచరమ్మ
ఆదివారం, ఉదయం 6:20

మెకానిక్ గారూ, కోపగించుకోకండి, ఒక్క మాట. నేను గుంటూరులో 27 ఏళ్లుగా చిన్న తరగతులకు పాఠాలు చెబుతున్నాను. బడిలో పిల్లల్ని కొట్టడం, మనసు నొప్పించేలా వేధించడం 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. ఆ చట్టం రాకముందు నేనూ బెత్తం పట్టినదాన్నే, అందుకే చెబుతున్నా. ఇంట్లో దెబ్బలు తిని వచ్చిన పిల్లాడెవరో హాజరు పూర్తయ్యేలోపే తెలిసిపోయేది. తనకంటే బలంగా ఉన్నవాడి జోలికి వెళ్లడు. పక్కనున్న బక్కపిల్లాడి పెన్సిల్ లాక్కుంటాడు. దెబ్బతో వాడు నేర్చుకున్నది ఊరుకోవడం కాదు, ఎవరి మీద చూపించాలో ఎంచుకోవడం.

ఇక పటమట అమ్మాయీ, నీ బాబు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ‘ఉడుకుమోతు’. నా క్లాసులో ఈ మాట రోజుకు పదిసార్లు వినిపిస్తుంది.

మన భాషలో మనసు పడే అవస్థలకు ఎన్ని మాటలున్నాయో చూడు. అలక వేరు, కినుక వేరు, బెంగ వేరు, దిగులు వేరు. చిన్నబుచ్చుకోవడం ఉందే, అది కోపమూ కాదు, ఏడుపూ కాదు. మనం పిల్లలకు నేర్పేది మాత్రం గోడ మీద చార్టు చూపించి హ్యాపీ, శాడ్, యాంగ్రీ. ఆటలో ఓడినప్పుడు వచ్చేది ఉక్రోషం. ఓడానన్న బాధ, నలుగురూ చూశారన్న సిగ్గు, ఏం చేయలేకపోయానన్న కోపం, మూడూ కలిసిపోయిన ముద్ద అది. పెద్దవాళ్లం మనకే మింగుడుపడదు.

‘ఉక్రోషం వచ్చింది కదూ’ అన్నావనుకో, లోపల తిరుగుతున్నదానికి వాడికొక పేరు దొరుకుతుంది. ‘ఉడుకుమోతు’ అంటే ఆ పేరు వాడికే అంటుకుంటుంది. మొదటిది వచ్చిపోయే జ్వరం. రెండోది ఇంటిపేరు.

నేను క్లాసులో చేసేది చెబుతాను. పోట్లాట మొదలైతే ఎవరిది తప్పని అడగను. పిల్లాడి పక్కన నేల మీద కూర్చుంటాను, మోకాళ్ల నొప్పులున్నా సరే. కాసేపు ఏమీ మాట్లాడను. ఊపిరి కుదుటపడ్డాక, ‘ఉక్రోషం వచ్చింది, సరే. కాలితో తన్నడం మాత్రం కుదరదు’ అంటాను. ఈ రెండు వాక్యాలూ కలిసే రావాలి. మొదటిది ఒక్కటే అంటే గారాబం, రెండోది ఒక్కటే అంటే బెత్తం.

యార్డు_బాబాయ్
ఆదివారం, ఉదయం 7:45

టీచరమ్మ బాగా చెప్పింది. అలక మాటొచ్చింది కాబట్టి నేనూ ఒకటి.

మా చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్లో ఇంటినిండా జనం. ఎవరో ఒకరు అలిగి వడ్లకొట్టులో కూర్చునేవాళ్లం. మా నాయనమ్మ ఒక లెక్క పాటించేది. అలిగిన వెంటనే పిలవదు. మరీ ఆలస్యమూ చేయదు. పప్పు తాలింపు వాసన వచ్చే వేళకు గుమ్మం దాకా వచ్చి, ‘ఆవకాయ అన్నం కలిపాను, ముద్ద ఎవరికి పెట్టను?’ అని గాలితో అన్నట్టు అనేది. మనం పరువు పోకుండా బయటికి రావడానికి అదొక దారి. సత్యభామ అలిగితే కృష్ణుడంతటివాడు బుజ్జగించాడు కదా, మనకు అలకా తెలుసు, అలక తీర్చడమూ తెలుసు. ఇప్పుడు ఫ్లాట్లలో అలగడానికి గది ఉంది, బుజ్జగించడానికే మనిషి లేడు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆఫీసుల నుంచి వచ్చేసరికే సగం చచ్చి ఉంటారు.

మనవడు ఓడినప్పుడు నేను కావాలని ఇంకో ఆట వేసి ఓడతాను. ఓడి, ‘అబ్బా, పోయింది రా!’ అని తొడ చరుచుకుని మళ్లీ పాచిక అందుకుంటాను. ఓడినవాడు ఎలా ఉండాలో వాడికి ఎవరో ఒకరు చూపించాలి గదా. యార్డులో మిర్చి రేటు క్వింటాకు వెయ్యి పడిపోయినా అంతే, తొడ చరుచుకుని టీ తాగడమే.

ఆటోనగర్_మెకానిక్
ఆదివారం, ఉదయం 8:02

బాబాయ్ గారూ, తేజ రకం మిర్చి రేటు ఇప్పుడెలా ఉంది? మా బావమరిది కోల్డ్ స్టోరేజీలో పెట్టి కూర్చున్నాడు.

మోడరేటర్
ఆదివారం, ఉదయం 8:30

మిర్చి రేట్లకు వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ పిల్లల గురించే.

మనసు_మాట
ఆదివారం, ఉదయం 11:15

నేను సైకాలజీ చదువుకుని గుంటూరులోనే పిల్లలకు, తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. బాబాయ్ గారు తొడ చరుచుకోవడం అన్నారే, మా పుస్తకాల్లో దానికి పెద్ద చర్చే ఉంది.

పిల్లలు భావోద్వేగాలను అదుపు చేసుకోవడం ఇంట్లో మూడు దారుల్లో నేర్చుకుంటారని 2007లో అమాండా మోరిస్, ఆమె తోటి పరిశోధకులు ఒక వ్యాసంలో వివరించారు. చూసి నేర్చుకోవడం ఒకటి. వాళ్లకు కోపమో ఏడుపో వచ్చినప్పుడు మనం ఏం చేస్తామన్నది రెండోది. మూడోది ఇంటి వాతావరణం, అంటే మొగుడూ పెళ్లాల మాటతీరు, ఇంట్లో ఎప్పుడు ఏం పేలుతుందోనన్న బెదురు ఉందా లేదా అన్నది. పటమట అక్క రాసిన రిమోట్ మొదటి దారిలో వచ్చింది. పిల్లాడు తప్పించుకోవడానికి సాకు చెప్పాడని అనుకోకండి. వాడు చూసింది చూసినట్టు చెప్పాడు.

అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే ఆయన కొన్ని కుటుంబాలను పిల్లలకు ఐదేళ్లున్నప్పుడు గమనించి, ఎనిమిదేళ్లప్పుడు మళ్లీ చూశారు. పిల్లల కోపాన్ని, దిగులును కొట్టిపారేయకుండా పేరు పెట్టి, హద్దు చెప్పి, దారి చూపించే తల్లిదండ్రుల పిల్లలు తోటివాళ్లతో మెరుగ్గా కలిసిపోతున్నారని గమనించారు. టీచర్ గారి రెండు వాక్యాలూ దాదాపు అవే.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. ఎనిమిదేళ్ల పిల్లల గుంపులో ఎవడైనా ఏడిపిస్తే, ‘నువ్వలా అంటే నాకు బాధగా ఉంది’ అని చెప్పేవాణ్ని ఇంకా ఏడిపిస్తారు. ఆ వయసులో నెగ్గుకొచ్చేది పట్టనట్టు ఉండగలిగినవాడే. మరి ఇంట్లో భావాల గురించి మాట్లాడటం ఎందుకు? అమ్మ దగ్గర తన ఉక్రోషాన్ని నాలుగుసార్లు చూసుకున్నవాడికి, సెల్లార్‌లో అది లేస్తున్నప్పుడే తెలుస్తుంది. తెలిస్తేనే కదా ఆపుకునేది. కాబట్టి అక్కా, ఇంట్లో మాట్లాడించండి, కింద పిల్లలకు ఉపన్యాసం ఇవ్వమని మాత్రం నేర్పకండి.

ఇంకో సంగతి. ఆవేశాన్ని ఆపే పని మెదడు ముందు భాగానిది. అది పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆరేళ్ల పిల్లాడికి బ్రేకులు ఇంకా బిగించలేదు. అప్పటిదాకా మన బ్రేకులే వాడికి అరువు.

ఆటోనగర్_మెకానిక్
ఆదివారం, ఉదయం 11:40

బ్రేకుల మాట నాకు అర్థమైంది. మిగతాది మళ్లీ చదవాలి.

కానూరు_కుర్రాడు
ఆదివారం, మధ్యాహ్నం 1:10

ఆ మార్ష్‌మాలో టెస్ట్ చేయించండి అక్కా. ముందు ఒక మిఠాయి పెట్టి, నేనొచ్చేదాకా తినకపోతే రెండోది ఇస్తానంటారు. ఆగిన పిల్లలే పెద్దయ్యాక గొప్పవాళ్లవుతారట. మన దగ్గర మార్ష్‌మాలో ఎవడు తింటాడు, పూతరేకు పెట్టాలి.

మనసు_మాట
ఆదివారం, మధ్యాహ్నం 1:35

పూతరేకు పెడితే నేనూ ఆగను తమ్ముడూ.

అది వాల్టర్ మిషెల్ స్టాన్‌ఫర్డ్‌లో మొదలుపెట్టిన ప్రయోగం. 2018లో ఇంకా ఎక్కువ మంది పిల్లలతో, రకరకాల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లతో మళ్లీ చూశారు. ఇంటి ఆర్థిక స్థితి, తల్లి చదువు లాంటివి లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా బాగా తగ్గిపోయింది. మామూలుగా ఆలోచించినా తెలుస్తుంది. చెప్పిన మాట నిలబెట్టుకునే ఇంట్లో పిల్లాడు ఆగుతాడు. ‘రేపు కొంటా’ అని పదిసార్లు ఎగ్గొట్టిన ఇంట్లో పిల్లాడు ఉన్నది తినేస్తాడు. వాడే తెలివైనవాడు.

లక్ష్మీపురం_కోడలు
ఆదివారం, మధ్యాహ్నం 3:20

గుంటూరు లక్ష్మీపురం నుంచి. మా ఇంట్లో గొడవ వేరు. బాబు నాలుగేళ్లవాడు. ఏడిస్తే మా అత్తయ్య, ‘మగపిల్లాడివి, ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా’ అంటారు. మా మామయ్య ఆ పక్క నుంచి ఫోన్ చేతిలో పెడతారు. టక్కున ఏడుపు ఆగుతుంది. ఇద్దరూ నా వైపు గెలిచినట్టు చూస్తారు. పార్కుకు తీసుకెళ్తే వేరే పిల్లలు జారుడుబల్ల దగ్గర తోసుకుంటుంటే వీడు బిక్కమొహం వేసుకుని నా చున్నీ పట్టుకుంటాడు. గట్టిగా మాట్లాడితే ఇంట్లో యుద్ధం. ఏం చేయాలి?

బ్రాడీపేట_టీచరమ్మ
ఆదివారం, సాయంత్రం 4:50

ఫోన్‌తో ఏడుపు ఆగుతుంది కానీ ఏడుపు ఆపుకోవడం రాదు తల్లీ. ఏడుపు ఎక్కడో ఒకచోట దానంతటది తగ్గాలి, ఆ తగ్గడం వాడికి అనుభవంలోకి రావాలి. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకు గంట మించి స్క్రీన్ వద్దని మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ కూడా చెబుతోంది. ఈ సంగతి నువ్వు చెబితే కోడలి పెత్తనం అంటారు. టీకా వేయించడానికి వెళ్లినప్పుడు మామయ్యగారిని వెంటబెట్టుకెళ్లి, ఆయన ముందే డాక్టర్‌ని అడుగు. ఆ మాట ఆయన నోటితోనే ఇంటికొస్తుంది.

మగపిల్లాడు ఏడవకూడదన్నదాని గురించి నాకు చాలా కోపం ఉంది, అది ఇంకోరోజు.

హాస్టల్_బ్యాచ్
ఆదివారం, రాత్రి 9:15

టీచర్ గారూ, దాని గురించి నేను చెబుతా. నాకిప్పుడు 25. ఇంటర్ రెండేళ్లూ విజయవాడ పక్కనే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. పేరెందుకులెండి. ఇంట్లో చిన్నప్పటినుంచీ ‘ఏడవకు’ ఒక్కటే మంత్రం. హాస్టల్లో అది బాగా పనికొచ్చింది. వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మారుస్తారు. నేను పై సెక్షన్ నుంచి కిందికి పడ్డ రోజు రాత్రి మెస్‌లో కూర్చుని మామూలుగా పెరుగన్నం తిన్నాను. పక్కనోడు ‘ఏరా, ఓకేనా’ అన్నాడు. ‘సూపర్’ అన్నాను. వాడు మళ్లీ అడగలేదు. రెండేళ్లలో నాకు ఒక్క స్నేహితుడు మిగల్లేదు. గొడవలు పడి కాదు. నా ముఖంలో ఏమీ కనిపించకపోతే ఎవరైనా ఎందుకు దగ్గరికొస్తారు?

ఇప్పుడు ఉద్యోగంలో కూడా అంతే. టీమ్‌లో అందరూ నన్ను కూల్ అంటారు. ఎవరూ నాకు వాళ్ల విషయాలు చెప్పరు.

మనసు_మాట
ఆదివారం, రాత్రి 9:50

తమ్ముడూ, ఇది చదివాక నాకు గుర్తొచ్చిన ప్రయోగం ఒకటుంది. 2003లో స్టాన్‌ఫర్డ్‌లో చేశారు. ముక్కూమొహం తెలియని ఇద్దరు ఆడవాళ్లకు బాధ కలిగించే సినిమా చూపించి, తర్వాత దాని గురించి మాట్లాడుకోమన్నారు. కొన్ని జంటల్లో ఒకామెకు మాత్రం లోపలిది ఏమాత్రం బయటికి కనిపించనివ్వొద్దని రహస్యంగా చెప్పారు. అలా దాచుకున్న జంటల్లో ఎదుటి మనిషికి కూడా బీపీ పెరిగింది. ఆమెకు ఈ సంగతి ఏమీ తెలియదు. ఏదో తేడాగా ఉందని ఒళ్లే కనిపెట్టింది. పైగా ఆ మనిషితో స్నేహం చేయాలనీ పెద్దగా అనిపించలేదు.

అంటే పిల్లలకు మనం నేర్పాల్సింది అణుచుకోవడం కాదు. ఆగడం వేరు, దాచడం వేరు.

నిద్ర పట్టకపోవడం, ఎందుకీ బతుకు అనిపించడం లాంటివి ఉంటే 14416 టెలీ మానస్‌కు ఎప్పుడైనా కాల్ చేయొచ్చు. ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

హాస్టల్_బ్యాచ్
ఆదివారం, రాత్రి 9:58

అంత లేదులెండి. కానీ నంబర్ సేవ్ చేసుకున్నా.

సింగ్‌నగర్_నాన్న
సోమవారం, ఉదయం 5:55

నా కథ కోపం గురించి కాదు, భయం గురించి. కలుస్తుందో లేదో మీరే చూడండి.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి వరద వచ్చినప్పుడు మేం అజిత్‌సింగ్ నగర్‌లో, కింది పోర్షన్‌లో ఉన్నాం. పాపకి అప్పుడు ఐదేళ్లు. ఆదివారం తెల్లారేసరికి వీధిలో మోకాలి లోతు. చూస్తుండగానే మంచం మునిగింది. పైన ఓనరు వాళ్లింట్లో మూడు రోజులు. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు. ఆ మూడు రోజులూ పాప ఒక్క చుక్క ఏడవలేదు. మా బంగారం, ఎంత ధైర్యమో అని అందరికీ చెప్పుకున్నాను.

అసలు సంగతి నెల తర్వాత మొదలైంది. మబ్బు పడితే చాలు, స్కూల్లో ఆటల పీరియడ్‌కు బయటికి రాదు. తలుపు దగ్గర బ్యాగు తగిలించుకుని కూర్చుంటుంది. స్నేహితులు రెండుసార్లు పిలిచి వదిలేశారు. మేడం ఫోన్ చేసి, ‘మీ పాప ఎవరితోనూ కలవట్లేదు’ అన్నారు. కలవకపోవడం కాదు, ఎప్పుడైనా పారిపోవడానికి రెడీగా ఉంది.

మా ఆవిడే కనిపెట్టింది. వాన మొదలైతే నేను ఫోన్ తీసి బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎంతుందో చూస్తున్నా. పదినిమిషాలకోసారి. వరదప్పుడు అక్కడ 11 లక్షల క్యూసెక్కులు దాటిన అంకె నా బుర్రలో మేకులా దిగిపోయింది. ముంచింది బుడమేరు, నేను చూసేది కృష్ణ బ్యారేజీ, ఆ లెక్కా సరైంది కాదు. నేను ఫోన్ చూస్తుంటే పాప నా మొహం చూస్తోంది. వాన గురించి దానికి తెలిసిందంతా నా మొహంలో చదువుకున్నదే.

ఎవరో చెప్పగా రెండు పనులు చేశాం. వాన వచ్చినప్పుడు ఫోన్ బీరువా మీద పెట్టడం. ఇది నాకు చాలా కష్టం, సిగరెట్ మానడం దీనికంటే తేలిక. రెండోది, ఇద్దరం కలిసి ‘వాన సంచి’ సర్దాం. టార్చి, బిస్కెట్లు, ఆధార్ కార్డుల కవరు, దాని బొమ్మ ఒకటి. ‘నీళ్లొస్తే ఈ సంచి తీసుకుని పైకెళ్తాం, అంతే’ అని చెప్పాను. భయపడకు అని చెప్పడం మానేశాను. మొన్న జూన్‌లో వాన పడుతుంటే సంచి ఉందో లేదో చూసొచ్చి, మళ్లీ బొమ్మలేసుకుంటూ కూర్చుంది. ఆటల పీరియడ్‌కు వెళ్తోంది. ఉరిమితే మాత్రం ఇంకా రాదు.

మనసు_మాట
సోమవారం, ఉదయం 9:30

బాగా కలుస్తుందండీ. 1985లో ఒక ప్రయోగం చేశారు. ఏడాది పిల్లల్ని ఒక బల్ల మీద వదిలారు. సగం దాకా మామూలు బల్ల, ఆ తర్వాత అద్దం, కింద కాస్త లోతు ఉన్నట్టు కనిపిస్తుంది. అవతల అమ్మ. అమ్మ నవ్వుముఖంతో ఉంటే 19 మందిలో 14 మంది పాకుతూ దాటేశారు. అమ్మ భయపడ్డట్టు ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. అందరి కింద ఉన్నదీ అదే అద్దం.

యార్డు_బాబాయ్
సోమవారం, ఉదయం 10:05

బాబూ, మేకు మాట చదివి మనసు పాడైంది. మూడు రోజులు చుక్క ఏడవని పసిబిడ్డ అంటే నాకు ధైర్యం అనిపించదు, దడ పుడుతుంది.

గుణదల_గృహిణి
సోమవారం, మధ్యాహ్నం 12:40

అన్నీ పెంపకం మీదకే నెట్టకండి అని చెప్పడానికి వచ్చాను. మా రెండోవాడు ఎల్‌కేజీలో అందరినీ తోసేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు. మొండి అన్నారు, నా గారాబం అన్నారు. ఆరు నెలలు నన్ను నేను తిట్టుకున్నాను. చివరికి ఈఎన్‌టీ డాక్టర్ చూసి చెవి లోపల నీరు చేరి సరిగా వినపడట్లేదన్నారు. ఎదుటివాళ్లు ఏమంటున్నారో తెలియక తోసేవాడు, అంతే. వైద్యం అయ్యాక సగం గొడవలు పోయాయి. చెవి, చూపు, మాట సరిగా ఉన్నాయో లేదో ముందు చూపించండి. ఎదుగుదలలో తేడాలు కూడా. తర్వాత కావాలంటే తల్లిని తిట్టండి.

బ్రాడీపేట_టీచరమ్మ
సోమవారం, మధ్యాహ్నం 1:15

నూటికి నూరుపాళ్లు. బెంచీలో తల ఒకవైపు తిప్పి వినే పిల్లలుంటారు. అల్లరి అనుకుని నేనే ఇద్దరిని వెనక్కి పంపాను ఒకప్పుడు. ఆ పాపం నాకుంది.

పటమట_అమ్మాయి
బుధవారం, రాత్రి 11:20

నమస్తే. ఇది రాస్తున్నది నేను, వాళ్ల నాన్నని. ఆమె ఐడీతోనే రాస్తున్నా, ఆమె పక్కనే ఉంది. థ్రెడ్ మొత్తం చదివాను.

నాది సేల్స్ ఉద్యోగం. నెలాఖరు టార్గెట్లు, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్, ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర. మ్యాచ్ పోయినందుకు రిమోట్ విసిరానని అందరూ అనుకుంటున్నారు. అంతకు పది నిమిషాల ముందు మా బాస్ నుంచి ఫోన్ వచ్చింది. అది వాడికెలా తెలుస్తుంది? వాడు చూసింది మ్యాచ్, రిమోట్, అంతే.

నిన్న రాత్రి వాడి పక్కన పడుకుని, ‘రిమోట్ విసరడం తప్పు నాన్నా. కోపమొచ్చింది, చెయ్యి ఆగలేదు. నాది తప్పు’ అని చెప్పాను. నా జీవితంలో మా నాన్న నాకు సారీ చెప్పింది లేదు, ఎలా చెబుతారో కూడా తెలియదు. వాడు కాసేపు ఫ్యాన్ వైపు చూసి, ‘మరి కొత్త రిమోట్ ఎప్పుడు కొంటావ్? బటన్లు పనిచేయట్లేదు’ అన్నాడు. నాకైతే బరువు దిగింది. వాడికేమైనా దిగిందో లేదో చెప్పలేను.

ఆటోనగర్_మెకానిక్
బుధవారం, రాత్రి 11:45

సార్, ఒప్పుకున్నారు చూడండి, గ్రేట్.

మొన్న బాగుపడలేదా అని రాశాను కదా. పనిలో బాగానే ఉన్నాను. కానీ మా నాన్నకి ఇప్పుడు డెబ్బై రెండు, ఎదురుగా కూర్చుని పది నిమిషాలు మాట్లాడలేను. ఏదో ఒక పని ఉన్నట్టు లేచిపోతాను. అలాగని మొత్తం మీరు చెప్పినట్టే అని ఒప్పుకోను. పిల్లలకు కొంచెం జంకు ఉండాలి.

బ్రాడీపేట_టీచరమ్మ
గురువారం, ఉదయం 6:10

జంకు ఉండొచ్చు బాబూ. మనమంటే కాదు, తప్పు చేయడమంటే.

పటమట అమ్మాయీ, ఒక చిన్న సలహా. వాణ్ని ఒకేసారి ఎనిమిదిమంది గుంపులోకి తోయకు. ఆ గుంపులో కాస్త నెమ్మదైన పిల్లాణ్ని ఒక్కణ్ని పైకి పిలువు. గెలుపోటములు లేని ఆట పెట్టు. దుప్పట్లతో గుడారం కట్టడమో, అట్టపెట్టెతో లారీ చేయడమో. గంట చాలు. ఇంకా ఆడాలని ఉన్నప్పుడే ఆపెయ్యి.

పటమట_అమ్మాయి
మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:30

అందరికీ బాకీ ఉన్నాను, అందుకే రాస్తున్నా. ఈసారి నేనే.

మూడో అంతస్తు పిల్లాణ్ని పిలిచాం. ఫ్రిజ్ కొన్నప్పటి అట్టపెట్టె దాచి ఉంచాను, ఇద్దరూ దాన్ని లారీ చేశారు. రెండు వారాలు అలాగే నడిచింది. మధ్యలో ఒకసారి స్టీరింగ్ ఎవరిదని కొట్టుకున్నారు. నేను పక్కన కూర్చుని, ‘ఇద్దరికీ ఉక్రోషమే, లారీ ఒకటే, ఏం చేద్దాం?’ అన్నాను. ఒకరు డ్రైవర్, ఒకరు క్లీనర్ అని వాళ్లే తేల్చుకున్నారు. క్లీనర్‌కే ఎక్కువ డిమాండ్, ‘రైట్ రైట్’ అని అట్ట మీద చరచొచ్చు కదా.

మొన్న ఆ పిల్లాడే వచ్చి కిందికి తీసుకెళ్లాడు. నేను బాల్కనీలో దాక్కుని చూస్తున్నా. మావాడు రెండో బంతికే బౌల్డ్. ‘ట్రయల్ బాల్’ అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. మొహం ఎర్రబడింది. బ్యాట్ వైపు చూశాడు, అది వీడిది కాదు కదా, ఎత్తుకురావడానికి లేదు. కింద పెట్టి, వెళ్లి మెట్ల మీద వాచ్‌మన్ పక్కన కూర్చున్నాడు. నాకు కాళ్లు ఆగలేదు. మా ఆయన చెయ్యి పట్టుకుని ఉండు అన్నారు. వాచ్‌మన్ ఏమీ అడగలేదు, చేతిలో ఉన్న వేరుసెనక్కాయలు నాలుగు వీడి దోసిట్లో పోశాడు. వొలుచుకుని తిన్నాడు. ఇంతలో బంతి ఒక కారు కిందికి పోయింది. ఎవరికీ అందట్లేదు. వీడు లేచి, పాకుతూ దూరి, తీసుకొచ్చాడు. చొక్కా అంతా గ్రీజు. అక్కడినుంచి ఫీల్డింగ్‌లో ఉండిపోయాడు.

నిన్న మళ్లీ పేచీ. ఎల్బీడబ్ల్యూ ఉందా లేదా అని. ఏడుస్తూ పైకొచ్చాడు, గంటసేపు ఎవరితో మాట్లాడలేదు. ఈరోజు వెళ్లాడు.

యార్డు_బాబాయ్
ఆదివారం, రాత్రి 9:52

ఆ వాచ్‌మన్ మా నాయనమ్మ జట్టు.

కానూరు_కుర్రాడు
ఆదివారం, రాత్రి 9:55

సెల్లార్ క్రికెట్‌లో ఎల్బీడబ్ల్యూ ఎవడు పెట్టాడు అక్కా? అది మావాడి తప్పు కాదు, న్యాయంగా ఏడ్చాడు.

ఆటోనగర్_మెకానిక్
ఆదివారం, రాత్రి 10:10

మేడం, ఆ పాత బ్యాట్ ఏం చేశారు?

పటమట_అమ్మాయి
ఆదివారం, రాత్రి 10:14

బీరువా మీద ఉందండీ. పొద్దున అడిగాడు, కిందికి తీసుకెళ్లనా అని. ఏం చెప్పాలో తెలియక సాయంత్రం చూద్దాం అన్నాను.

ఆటోనగర్_మెకానిక్
ఆదివారం, రాత్రి 10:16

వాచ్‌మన్ దగ్గర పెట్టించండి. పిల్లలందరిదీ అని చెప్పి.

పటమట_అమ్మాయి
ఆదివారం, రాత్రి 10:21

వాణ్ని అడిగి చూస్తాను.